తిరగని పుష్‌రాడ్

ఆ రోడ్డు పొడుగునా లారీలు బాగుచేసే షెడ్లే. టైర్ల వాళ్లు, బ్రేకుల వాళ్లు, రేకు పని వాళ్లు, ఎవరి పని వాళ్లది. ఇంజన్లో ఏదో చప్పుడు వస్తోంది, ఎక్కడినుంచో అంతు చిక్కడం లేదు అంటే మాత్రం అందరి వేళ్లూ చివరి షెడ్డు వైపే చూపించేవి. అక్కడుండే ఆయన్ని చెవి మేస్త్రి అనేవారు. కన్నవాళ్లు పెట్టిన పేరు ఇంకొకటి ఉండేది గాని, ఆ పేరుతో పిలిచేవాళ్లు ఒక్కొక్కరే తగ్గిపోయి, అది కాగితాల మీద తప్ప ఎక్కడా మిగల్లేదు.

ఆ బిరుదు ఊరికే రాలేదు. ఆయన దగ్గర మూరెడు పొడుగు స్క్రూడ్రైవరొకటి ఉండేది. దాని మొనని నడుస్తున్న ఇంజను మీద ఆనించి, చెక్క పిడిని చెవి ముందున్న ఎముకకి నొక్కిపెట్టి, కళ్లు మూసుకునేవాడు. కాసేపటికి కళ్లు తెరిచి, నీళ్ల పంపు బేరింగనో, మూడో పిస్టను పిన్ననో ఒక్క ముక్క చెప్పేవాడు. విప్పి చూస్తే సరిగ్గా అదే అయి ఉండేది. డ్రైవరు తన బాధ చెప్పుకోబోతే చెయ్యి అడ్డం పెట్టి, “నువ్వు చెప్పకు, అదే చెబుతుంది” అని ఇంజనుని చూపించేవాడు. ఆ మాట అనడం ఆయనకి ఎంతో ఇష్టం. ఎదురుగా టీకొట్టు ముందు జనం పోగై ఉన్న రోజున ఇంకాస్త గట్టిగా అనేవాడు.

షెడ్డుకీ ఇంటికీ మధ్య ఒకటే గోడ. ఆ గోడకున్న కిటికీ పక్కన మేస్త్రి భార్య కుట్టుమిషను ఉండేది. పిల్లల బడిబట్టలు మొదలుకొని లారీ సీట్ల తొడుగుల దాకా అన్నీ కుట్టేది. ఆవిడ మాట్లాడేది తక్కువ, మిషను నడిపేది ఎక్కువ. కిటికీకి ఇటు దారం ముక్కలు, అటు నల్లనూనె మరకలు. ఇద్దరి చేతుల్లోనూ ఇనుమే ఆడుతుండేది కనుక, ఒకరి పని కష్టం ఇంకొకరికి విడమరిచి చెప్పాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు.

ఆవిడకి ఒక తమ్ముడు. మేస్త్రికి బావమరిది. వాగుడుకాయ. ఎన్నో ఏళ్లు ఎవరెవరి లారీలో తోలి తోలి, చివరికి సొంతానికి ఒక పాత లారీ కొనుక్కున్నాడు. బండి ఒళ్లు గట్టిదే గాని, ఇంజను లోపల పట్టేసి ఉంది. బావ ఉన్నాడుగదా అన్న ధీమాతోనే కొన్నానని అందరి దగ్గరా చెప్పుకున్నాడు.

మేస్త్రి ఆ ఇంజన్ని వట్టి దిమ్మ మిగిలేదాకా విప్పాడు. తుప్పు గీకాడు, నూనె దారులన్నిట్లోకీ తీగ దూర్చి శుభ్రం చేశాడు, పిస్టన్లూ బేరింగులూ కొత్తవి వేశాడు. వాల్వులు తనే కూర్చుని ఒరిపిడి పట్టాడు. క్యామ్‌షాఫ్టు కొత్తది, దాని మీద నడిచే టాపెట్లూ కొత్తవే. ఆ దారిన పోయే మేస్త్రీలు వచ్చి తొంగిచూసి, కిమ్మనకుండా తల ఆడించి వెళ్లేవారు. అన్నీ బిగించాక దానికి రంగు కూడా తనే వేశాడు. “పెళ్లికూతుర్ని ముస్తాబు చేస్తున్నట్టు చేస్తున్నావు బావా” అని బావమరిది వెక్కిరిస్తే, ఆయన కోప్పడలేదు సరికదా, వెనక్కి రెండడుగులు వేసి మరోసారి చూసుకున్నాడు.

తాళం తిప్పగానే ఇంజను అందుకుంది. మేస్త్రి చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. ఇన్నేళ్లలో తన చేతి కింద లేచిన ఇంజన్లన్నిట్లోకీ ఇది గొప్పదని ఆయన పైకి అనలేదు. అనాల్సిన పనిని బావమరిది దారి పొడుగునా ప్రతి లోడింగు దగ్గరా చేసిపెట్టాడు.

కొన్ని వారాలకి ఆ బావమరిదే ముఖం వేలాడేసుకుని వచ్చాడు. లారీ సందు మలుపు తిరుగుతుండగానే టీకొట్టు దగ్గరున్న వాళ్లు తలలు తిప్పి చూశారు. ఇంజను పైభాగంలోంచి సన్నగా, గట్టిగా, ఆగకుండా టిక్కు టిక్కు మంటోంది. దారిలో ఒక మేస్త్రి టాపెట్లు వదులయ్యాయని చెప్పి, వాటి సందు సరిచేసి పంపాడట. ఇంజను నోరు మూసుకుందట. మర్నాటికి మళ్లీ మొదలు. ఇంకోచోట ఇంకో మేస్త్రీ అదే పని చేశాడట. మళ్లీ అంతే.

ఇదంతా అతను చెప్పబోతే మేస్త్రి అలవాటు ప్రకారం చెయ్యి అడ్డం పెట్టాడు. ఇంజను నడుస్తుండగా స్క్రూడ్రైవరు ఆనించి కళ్లు మూసుకున్నాడు. పొగ గొట్టం దడదడ వినిపించింది. ఫ్యాను హోరు వినిపించింది. అడుగున క్రాంక్‌షాఫ్టు గుమ్మని తిరగడం, తను వదిలిపెట్టిన రోజు ఎలా ఉందో అలాగే వినిపించింది. ఈ కొస నుంచి ఆ కొసదాకా మొన జరుపుతూ వెళ్లి, మళ్లీ వెనక్కి వచ్చాడు. తర్వాత లేచి, చేతులు తుడుచుకుని, చప్పుడేమీ లేదు, బండి బ్రహ్మాండంగా ఉందన్నాడు.

బావమరిది పరాచికమనుకుని నవ్వాడు. నవ్వుతూనే బావ ముఖం చూసి ఆగిపోయాడు. అక్కడున్న డ్రైవర్లలో ఒకడు టైరు వైపు చూశాడు, ఇంకొకడు ఆకాశం వైపు. మేస్త్రికి ఒళ్లు మండింది. తను కట్టిన ఇంజనులో లేని జబ్బు అంటగడుతున్నారని, చప్పుడు ఇంజన్లో కాదు వాళ్ల చెవుల్లో ఉందని అరిచాడు.

అప్పుడు మేస్త్రి భార్య ఇంట్లోంచి వచ్చింది. కొలతల టేపు మెడలోనే ఉంది. లారీ సందు తిరిగినప్పటినుంచీ ఆ చప్పుడు ఆవిడ వింటూనే ఉంది. ఇంకొక సంగతి కూడా ఆవిడకి ఎప్పటినుంచో తెలుసు. జేబులో ఫోను అదిరితే తప్ప ఆయన చూసుకోడు. కుక్కరు కూత వేసినా తల తిప్పడు. మనవరాలు సన్నగొంతుతో ఏదైనా అడిగితే ఊఁ అని ఊరుకుంటాడు. ఆయనకి మోతలు వినబడతాయి, మోతల మీద తేలే సన్నటి చప్పుళ్లు వినబడవు. అందుకని కొంతకాలంగా ఏం చెప్పాలన్నా ఆవిడ ఆయన ఎదురుగా వచ్చి నిలబడి చెబుతోంది. ఎందుకలా వస్తోందో ఆయన అడగలేదు, ఆవిడ చెప్పలేదు. చెవి మేస్త్రి అని పేరున్న మనిషికి ఆ మాట ఏ నోటితో చెప్పడం?

తమ్ముణ్ణి స్నానం చేసి అన్నం తినమని లోపలికి పంపింది. పనిలేకుండా నిలబడ్డవాళ్ల వైపు ఒక చూపు చూసింది, వాళ్లు టీకొట్టుకి నడిచారు. తర్వాత ఆయన ఎదురుగా వచ్చి నిలబడింది.

“చప్పుడుందండీ.”

ఇంజను నడుస్తూనే ఉంది. ఆయన చేతిలో స్క్రూడ్రైవరు వైపు చూసుకున్నాడు.

“నాకు వినబడట్లేదు” అన్నాడు.

“తెలుసు.”

“ఎప్పట్నించి తెలుసు?”

“అది తర్వాత మాట్లాడుకుందాం. ముందు దీని సంగతి చూడండి. మీరు కట్టిన ఇంజను. వేరేవాళ్ల చేతుల్లోకి పోతే ఊరుకోగలరా?”

ఆ మాట సూటిగా తగిలింది. ఆయన అదే రోజున షెడ్డు తలుపు వేసేసి లోపల కూర్చుని ఉంటే, ఎవరూ తప్పుపట్టేవాళ్లు కారు. కాని ఆయన పౌరుషమల్లా ఇంజన్ల ముందే. ముక్కు ఎగబీల్చి, ఆ చప్పుడు ఎలా ఉందో చెప్పమన్నాడు.

ఆవిడ తల పక్కకి వంచి, కుట్టేటప్పుడు పెట్టే ముఖమే పెట్టి వింది. “మిషను సూది కాస్త వంగిందనుకోండి, దిగినప్పుడల్లా కింద రేకుకి తగులుతుంది చూశారా, అలా ఉంది. కుట్టుకి ఒకటి. ఎక్కడా తప్పట్లేదు.”

అంత బాగా ఏ డ్రైవరూ ఆయనకి ఎప్పుడూ చెప్పలేదు. ఆయన తన భుజం చూపించి, వినబడినప్పుడల్లా దాని మీద వేలితో కొట్టమన్నాడు. ఆవిడ వేలు భుజం మీద టక్కు టక్కుమని ఆడింది. ఆయన రెండో చెయ్యి ఇంజను దిమ్మ మీద ఆనించి, అదురు పట్టుకుని, రెండింటినీ పోల్చుకున్నాడు. క్రాంక్‌షాఫ్టు రెండు చుట్లు తిరిగితే గాని వాల్వు ఒకసారి ఆడదు కనుక, అడుగు భాగం చప్పుడైతే దీనికి రెట్టింపు జోరుగా కొట్టుకోవాలి. ఇది నింపాదిగా ఉంది. అంటే వాల్వుల వైపుదే. బేరింగులు క్షేమం. ఆయన గుండెల మీద బరువు సగం దిగింది.

తర్వాత స్క్రూడ్రైవరు ఆవిడ చేతికిచ్చాడు. ఇన్నేళ్లలో ఆ పిడిని ఇంకొకరి చెవికి ఆనించడం అదే మొదలు. ఎముక మీద ఎక్కడ నొక్కాలో, మొన ఎక్కడ పెట్టాలో చూపించాడు. ఆవిడ మెల్లగా జరుపుకుంటూ వెళ్లి, కేబిను వైపు చివరి సిలిండరుకి కాస్త ముందు ఆగింది. ఇటు జరిపి, అటు జరిపి, మళ్లీ అక్కడికే వచ్చింది.

ఇంజను ఆపి, పైమూత విప్పారు. లోపల వరసగా రాకర్లు. ఒక్కో రాకరు చిన్న ఊగుడు బల్ల లాంటిది. అడుగున ఒకవైపు ముక్కు తేలిన క్యామ్ తిరుగుతూ టాపెట్ అనే గుండ్రటి ఇనప ముక్కని తోస్తే, టాపెట్ పుష్‌రాడ్ అనే సన్నటి కడ్డీని తోస్తుంది, కడ్డీ రాకరు ఒక కొసని ఎత్తుతుంది, రెండో కొస వాల్వుని నొక్కుతుంది. ఆ కొసకీ వాల్వుకీ మధ్య రేకు పట్టేంత సందు ఉండాలి. ఆవిడ చూపించిన చోట, పొగ బయటికి పోయే వాల్వు మీద, సందు వేలి గోరు దూరేంత ఉంది. మిగతావన్నీ తను పెట్టినట్టే ఉన్నాయి.

ఆయన సందు సరిచేసి మళ్లీ నడిపించాడు. చప్పుడు పోయిందని ఆవిడ తల ఊపింది. తడి తలతో బయటికొచ్చిన బావమరిది ఎగిరి గంతేసినంత పని చేసి, ఇక బయల్దేరతానన్నాడు.

మేస్త్రి కదల్లేదు. ఈ వైద్యం దారిలో ఇద్దరు చేశారు. బిగించిన నట్టు జారితే సందు పెరగాలి, కాని నట్టు గట్టిగానే ఉంది. నట్టు జారకుండా సందు పెరుగుతోందంటే లోపలెక్కడో ఇనుము అరిగిపోతోందన్నమాట. రాకరు కొస వేలితో తడిమి చూశాడు, నున్నగా ఉంది, గుంట పడలేదు. వాల్వు తల బాగుంది. కడ్డీ తీసి గాజుపలక మీద దొర్లించాడు, వంపు లేదు. ఇక మిగిలింది కంటికి కనబడని చోటు. టాపెట్, దాని కింద క్యామ్.

అక్కడ ఏం జరుగుతోందో ఇంజను విప్పకుండానే చూసే దారి ఒకటి ఉంది. మంచి టాపెట్ పైకీ కిందకీ ఊగడమే కాదు, నెమ్మదిగా తన చుట్టూ తను తిరుగుతుంది. అలా తిరిగితేనే అరుగుదల ఒకేచోట పడకుండా ముఖమంతా సర్దుకుంటుంది. అది తిరిగితే మీది కడ్డీ కూడా తిరుగుతుంది. కడ్డీల మీద గుర్తు పెట్టడానికి త్వరగా ఆరే రంగు కావాలన్నాడు. ఆవిడ లోపలికి వెళ్లి మనవరాలి గోళ్లరంగు సీసా తెచ్చింది. ఎర్రటి ఎరుపు. ఆయన ఒక్కో కడ్డీకీ నూనె తుడిచి, ఒక్కో చుక్క పెడుతుంటే బావమరిదికి పాత మాట గుర్తొచ్చింది.

“నేనప్పుడే అన్నాను, పెళ్లికూతుర్ని ముస్తాబు చేస్తున్నాడని.”

ఈసారి మేస్త్రి కూడా నవ్వాడు.

మూత లేకుండానే ఇంజన్ని నిదానంగా నడిపించారు. ముగ్గురూ తలలు వంచారు. కడ్డీలు పైకీ కిందకీ ఆడుతూనే, ఒకటి తర్వాత ఒకటి, ఎర్రచుక్కలని మెల్లగా అవతలికి తిప్పుకుపోయి, మళ్లీ ఇవతలికి తెచ్చాయి. ఒక్క కడ్డీ మాత్రం తన చుక్కని వీళ్ల ముఖాలకేసి పెట్టుకుని, కదలకుండా అలాగే ఊగుతోంది. మేస్త్రి దాన్ని వేలెత్తి చూపించలేదు. చూపించాల్సిన అవసరం లేదు. దీనికి చెవులతో పనేముంది? ఆయన నిటారుగా నిలబడ్డాడు. పొద్దుటినుంచీ వంగిపోయిన మనిషి అప్పుడు మళ్లీ తన ఎత్తుకి వచ్చాడని ఆవిడ అనుకుంది.

ఇంజనులో నూనెని తొట్టిలోకి దించి, అయస్కాంతం ముంచి తీస్తే, దానికి బూడిదరంగు పిండి అంటుకొచ్చింది. పక్కమూత విప్పి ఆ టాపెట్‌ని బయటికి తీశారు. కొత్త టాపెట్ ముఖం చదునుగా కనిపించినా, నిజానికి మధ్యలో కనీకనబడనంత ఉబ్బు ఉంటుంది. ఆ ఉబ్బే దాన్ని తిప్పుతుంది. దీని ముఖం చిన్న పళ్లెంలా గుంటపడింది. దాన్ని తోసే క్యామ్ ముక్కు గుండ్రంగా అరిగిపోయింది. ఆ టాపెట్ కూర్చునే రంధ్రంలో ఇంకో టాపెట్ వేసి చూశాడు. నూనెలో మెల్లగా జారింది, వేలు పెడితే సులువుగా తిరిగింది. రంధ్రం తప్పు లేదు. టాపెట్‌ని పక్కకి తిప్పి చూస్తే, మిగతా వాటి మీదున్న కంపెనీ ముద్ర దీని మీద లేదు.

అప్పుడు గుర్తొచ్చింది. పెట్టెలో వచ్చిన వాటిలో ఒకదానికి తుప్పు మచ్చ ఉంటే తనే తిప్పి పంపాడు. దానికి బదులు దుకాణం నుంచి ఒకటి విడిగా, కాగితంలో చుట్టి వచ్చింది. ఎవరో పాతదాని ముఖం చదునుగా అరగదీసి మెరుగుపెట్టింది అయ్యుంటుంది. పొడుగు కొలిచాడు, లావు కొలిచాడు. ముఖం మీది ఉబ్బు చూడలేదు.

టీకొట్టు నుంచి మళ్లీ వచ్చి చేరిన డ్రైవర్ల ముందే ఆ సంగతి బావమరిదికి చెప్పాడు. ఇది తన చేతి మీదుగా లోపలికి వెళ్లిందని, మళ్లీ తన చేతి మీదుగానే బయటికి వస్తుందని అన్నాడు. చెవి సంగతి కూడా దాచలేదు. సన్నటి చప్పుళ్లు తనకి వినబడటం లేదని, ఈ జబ్బు చోటు పట్టుకున్నది తన భార్యేనని చెప్పాడు. అది చెప్పేటప్పుడు ఆయన గొంతులో చిన్నతనం లేదు. “నువ్వు చెప్పకు, అదే చెబుతుంది” అన్నప్పటి బింకమే ఉంది.

బావమరిది ఆ ఒక్క టాపెట్ మార్చి పంపెయ్యమన్నాడు. సరుకు ఎదురుచూస్తోందట. మేస్త్రి ససేమిరా అన్నాడు. అరిగిన క్యామ్ మీద కొత్త టాపెట్ వేస్తే దాన్నీ తినేస్తుంది. కొత్త క్యామ్ మీద పాత టాపెట్లు వేస్తే అవి దాన్ని తినేస్తాయి. రెండూ మార్చాల్సిందే, నూనె దారులన్నీ మళ్లీ కడగాల్సిందే. ఇనప పిండి బేరింగుల దాకా పాకిందేమో విప్పి చూడాల్సిందే. బావమరిది అక్క వైపు చూశాడు. కుట్టు తప్పిందని తెలిశాక విప్పకుండా ఇస్తానా అని ఆవిడ అడిగింది. ఇక అతను చొక్కా చేతులు మడిచి, రేడియేటరు విప్పడానికి దిగాడు.

బేరింగుల మీద గీత పడలేదు. సమయానికి పట్టుకున్నారు. కొత్త టాపెట్లు వచ్చిన రోజున మేస్త్రి వాటిని ఊరికే నమ్మలేదు. రెండేసి ముఖాముఖి ఆనించి ఊపి చూశాడు. ఉబ్బు ఉంటే అవి ఊగుతాయి. ఆవిడ కిటికీ వెలుతురుకి ఒక్కోదాని మీద ఉక్కు స్కేలు ఆనించి, రెండు అంచుల దగ్గరా వెంట్రుక మందాన వెలుగు వస్తోందో లేదో చూసింది. గుడ్డ అంచు వంకరని చూపుతోనే కనిపెట్టే కళ్లవి. ఒకదాన్ని పక్కన పెట్టేసింది. ఆయన మళ్లీ చూశాడు. ఆవిడ చెప్పినట్టే అది ఊగలేదు. తిప్పి పంపి, ఇంకొకటి తెప్పించారు.

అన్నీ చిక్కటి నూనెముద్ద పట్టించి కూర్చోబెట్టారు. నడిపించగానే ఇంజన్ని నిదానానికి వదలకుండా కాస్త జోరుగానే ఉంచాడు మేస్త్రి. క్యామ్ మీద నూనె బాగా చిమ్మాలంటే మొదట్లో అలాగే ఉంచాలి. ఎర్రచుక్కలన్నీ తిరగడం కళ్లారా చూసుకున్నాడు. మూత బిగించి, జోరు తగ్గించి, స్క్రూడ్రైవరు ఆవిడకిచ్చాడు.

ఆవిడ తొందరపడలేదు. ఈ కొస నుంచి ఆ కొసదాకా, ప్రతి చోటా ఆగి ఆగి వింది. మేస్త్రి ఇంజను వైపు చూడలేదు, ఆవిడ ముఖం వైపే చూస్తూ నిలబడ్డాడు. చివరికి ఆవిడ పిడి దించి, ఆయన ఎదురుగా వచ్చింది.

“అంతా ఒకే కుట్టు” అంది.

ఆయన గుడ్డ తీసుకుని, తుడవాల్సిన అవసరం లేని చోట ఇంజన్ని చాలాసేపు తుడిచాడు.

లారీ పెద్ద తిరుగుడు తిరిగి వచ్చాక, పైమూత విప్పి సందులన్నీ మళ్లీ చూశారు. ఏ ఒక్కటీ మారలేదు. ఆ మధ్యలో ఆవిడ పోరు పెట్టి ఆయన్ని చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. చెవి మిషను ఇచ్చారు. ఇంట్లో పెట్టుకునేవాడు, మనవరాలి కబుర్లు వినడానికి. షెడ్డులో మాత్రం దాంతో రొదే తప్ప రుచి లేదని తీసి జేబులో వేసుకునేవాడు. చప్పుడు బళ్లు వస్తే కిటికీ వైపు తిరిగి పిలిచేవాడు, కుట్టుమిషను ఆగేది, ఆవిడ వచ్చేది. మొదట్లో కొందరు డ్రైవర్లు ముసిముసిగా నవ్వారు. తమ బళ్లు బాగుపడి వెళ్లాక, మేస్త్రి లేడంటే సరే, అమ్మ ఉందా అని అడగడం మొదలుపెట్టారు.

తర్వాత కొంతకాలానికి వచ్చిన ఒక ఇంజనుకి టాపెట్ సందులు ఆవిడే పెట్టింది. ఆయన పక్కన స్టూలు మీద కూర్చుని ఒక్క మాట సాయం చెయ్యలేదు. అంతా అయ్యాక సందు కొలిచే ఫీలర్ రేకు తీసుకుని మొదటినుంచి చివరిదాకా చూసుకుంటూ వెళ్లాడు. రేకు ప్రతి చోటా ఒకేలా పట్టుకుని, ఒకేలా జారింది. సరిచెయ్యాల్సి వస్తుందేమోనని తీసుకున్న పానాని తీసిన చోటే పెట్టేశాడు.

అక్కణ్ణించి తిన్నగా రోడ్డు దాటి టీకొట్టుకి వెళ్లాడు. తను అన్నీ చూశానని, ఒక్కటి కూడా మార్చలేదని చెప్పాడు. మర్నాడు ఇంకొకరికి చెప్పాడు. ఆ వారమంతా ఎవరొచ్చినా అదే చెప్పాడు. కొన్నాళ్లకి ఆయన రోడ్డు దాటుతుండగానే టీకొట్టు అతను అక్కడున్న వాళ్లతో, మేస్త్రి గారు అన్నీ చూశారట, ఒక్కటీ మార్చలేదట అని తనే అనేసి, టీ పోసేవాడు. మేస్త్రి అవునని తల ఊపి, అయినా సరే, మొదటినుంచి మళ్లీ చెప్పేవాడు.